సీషెల్స్ మట్టిలో మా బిడ్డ

మా బిడ్డ పుట్టింది సీషెల్స్‌లో. పోయిందీ అక్కడే. ఆ రెండింటికీ మధ్య ఉన్న కాలం మా బెల్లంపల్లిలో ఒక ఎండాకాలమంత. దీన్ని రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ ఇంతవరకే రాసి లేచిపోయాను.

నేను బొగ్గుబాయి కార్మికుడి బిడ్డను. కంపెనీ క్వార్టర్లో పుట్టి పెరిగాను. మా ఇంటి ముందు వేపచెట్టు ఆకులు కూడా నల్లగానే ఉండేవి. మా బాపు షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసినా చెవుల వెనక మసి పోయేది కాదు. మా ఇంట్లో ఎవరూ సముద్రం చూడలేదు. అలాంటి ఇంటికి నౌకాదళం ఆఫీసరు సంబంధం వచ్చింది. మా మెథడిస్టు సంఘంలో పాస్టరమ్మ తెచ్చిన సంబంధం అది. అబ్బాయిది మెట్‌పల్లి దగ్గర పల్లె, పసుపు పండించే కుటుంబం. ఊళ్లో ఆఫీసరు అయినవాడు ఆయనొక్కడే.

అందరూ సంబరపడ్డారు, బాపు తప్ప. ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. "నీళ్ల మీద పనంటే బాయిల పని లెక్కనే. పొద్దుగాల పోయినోడు మాపటికి వస్తడని ఎవ్వలు చెప్పలేరు" అన్నాడు.

అమ్మను మేం అవ్వ అంటాం. బాయిలో కప్పు కూలిందని సైరన్ మోగినప్పుడల్లా చెప్పుల్లేకుండా ఉరికిన మనిషి ఆమె. ఆ రాత్రి నా తల దువ్వుతూ, ఆఫీసర్లకు అలాంటివి ఉండవులే అని తనకు తానే నచ్చజెప్పుకుంది.

పెళ్లయ్యాక మొదట విశాఖపట్నంలో ఉన్నాం, తర్వాత కొచ్చిలో. అక్కడి తెలుగు ఆఫీసర్ల భార్యల మధ్య నా మాట ఒక వింత. "గట్లనా" అని నోరు జారితే పక్కనున్నవాళ్లు నవ్వేవారు. వాళ్ల నవ్వులో చెడ్డతనం లేదు. అయినా పార్టీలకు వెళ్లే ముందు అద్దం ముందు నిలబడి మాటలు సాధన చేసేదాన్ని. ఆయన చూసి, "గీ సాధన నేను గూడ జేసిన, అకాడమీల. కొన్నొద్దులైతే అదే వస్తది" అనేవాడు. ఆయన నాతో మాట్లాడేటప్పుడు మాత్రం మెట్‌పల్లి మాటే మాట్లాడేవాడు. తెల్ల యూనిఫాం వేసుకుని ఆ మాటలు మాట్లాడుతుంటే నాకు ఎంతో దగ్గరివాడిలా అనిపించేవాడు.

తర్వాత ఆయనను డిప్యుటేషన్ మీద హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులకు పంపారు. అక్కడి తీరరక్షక దళానికి మన ఆఫీసర్లు కొందరు సాయంగా వెళ్తుంటారు. కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు. మా తోటివాళ్లంతా అదృష్టవంతులన్నారు. విమానం దిగుతుంటే కిటికీలోంచి చూశాను. నీలి నీళ్లలో పచ్చటి కొండలు. విక్టోరియా పట్నానికి పైన కొండవాలులో మాకు ఇల్లిచ్చారు. వరండాలో నిలబడితే సముద్రమే. ఫొటోలు పంపితే మా చుట్టాలు స్వర్గమే అన్నారు.

ఆ స్వర్గంలో నేను ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆయన గస్తీ ఓడ మీద దూరదూర దీవుల దాకా వెళ్లేవాడు. దొంగచాటుగా చేపలు పట్టే పడవలను వెతకడం వాళ్ల పని. వెళ్తే వారాలు. నాకు తోడు పక్కింటి ఆమె. నల్లటి, ఎత్తయిన మనిషి, ఒక హోటల్లో బట్టలు ఇస్త్రీ చేసేది. ఆమెది అక్కడివాళ్ల క్రియోల్ భాష, నాది తెలుగు. ఇద్దరికీ వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లం. చింతపండు లేకపోతే పులుపుకు ఏం వేయాలో ఆమే చూపించింది. నాకు నెల తప్పిన సంగతి కూడా మా అవ్వ కంటే ముందు ఆమెకే తెలిసింది, వాంతుల చప్పుడు విని.

బిడ్డ పుట్టినప్పుడు ఆయన ఒడ్డునే ఉన్నాడు. చేతుల్లోకి తీసుకుని, నవ్వడం తెలియనివాడిలా నవ్వాడు. రెండో రోజు డాక్టరమ్మ వచ్చి గుండెలో లోపం ఉందని చెప్పింది. ఆపరేషన్ ఇక్కడ కాదు, ఇండియాకు తీసుకెళ్లాలి, కానీ బిడ్డ ఇంకా చాలా చిన్నది, విమాన ప్రయాణానికీ కత్తికీ తట్టుకోలేదు, కొంచెం బరువు పెరగాలి అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. తర్వాత హైదరాబాద్‌లో అడిగిన డాక్టర్లందరూ అదే చెప్పారు.

అప్పటి నుంచి నా బతుకంతా బిడ్డ బరువే. పాలు తాగుతుంటే మధ్యలో ఆయాసపడి వదిలేసేది. నుదుటి మీద చెమట పట్టేది. కాసేపు ఆగి మళ్లీ రొమ్ముకు పట్టించేదాన్ని. అది నిద్రపోతే పెదాలు నీలంగా ఉన్నాయా లేదా అని వంగి చూసేదాన్ని. అవ్వ రావాలని ఎంతో తండ్లాడింది. పాస్‌పోర్టు రాలేదు. రోజూ వీడియో కాల్ చేసేది. ఫోను బిడ్డ చెవి దగ్గర పెట్టమని, బెల్లంపల్లి నుంచి ప్రార్థన చేసేది. బిడ్డ ఆ గొంతు వినగానే కళ్లు తిప్పేది. "నా గొంతు గుర్తువడుతున్నదే" అని అవ్వ మురిసిపోయేది. 

మళ్లీ గస్తీకి వెళ్లాల్సిన రోజు వచ్చింది. ఆయన సెలవు అడిగాడు. మనుషులు తక్కువగా ఉన్నారు, ఈ ఒక్కసారికి వెళ్లి రమ్మన్నారు. బిడ్డ కూడా ఆ వారం కాస్త తేటగా ఉంది. ఆయన గడప దగ్గర బూట్లు వేసుకుంటూ, "జర పైలం. తొందర్లనే వస్త" అన్నాడు. నేను బిడ్డను భుజాన వేసుకుని ఓడ కనుమరుగయ్యేదాకా వరండాలోనే ఉన్నాను.

ఆయన వెళ్లిన కొద్ది రోజులకే జ్వరం వచ్చింది. పొద్దున ఒళ్లు వెచ్చగా ఉందనుకున్నాను. పక్కింటామె కారు మాట్లాడింది. ఆసుపత్రికి చేరేలోపు బిడ్డ ఊపిరి కుక్కపిల్ల ఊపిరిలా అయిపోయింది. డాక్టరమ్మ, నర్సులు చేయగలిగినదంతా చేశారు. నేను గోడకు ఆనుకుని నిలబడి చూస్తూనే ఉన్నాను. వాళ్లు చేస్తున్న పనులు నెమ్మదించడం నాకు తెలిసిపోయింది. మధ్యాహ్నం డాక్టరమ్మ గొట్టాలన్నీ తీసేసి, బిడ్డను గుడ్డలో చుట్టి నా చేతికి ఇచ్చింది. ఇంకా వెచ్చగానే ఉంది. ఆ వేడి నా ఒంటిదో దానిదో తెలియక, వదలకుండా పట్టుకుని కూర్చున్నాను. 

మా ఇంటికి నేనే ఫోన్ చేశాను. అవ్వ విని ఫోను మంచం మీద పడేసింది. బాపు ఫోను తీసుకున్నాడు. బాయిలో పేలుళ్ల వల్ల ఆయనకు చెవులు సరిగా వినపడవు, అందుకే ఎప్పుడూ గట్టిగా మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం గొంతు దించి, "ఇంటికి తీస్కరా బిడ్డా. మనోళ్ల పక్కన పండవెడ్దాం. ఆడ ఒక్కదాన్నే ఇడిశిపెట్టకు" అన్నాడు.

తీసుకెళ్దామనే నేనూ అనుకున్నాను. మన రాయబార కార్యాలయం నుంచి ఒకాయన వచ్చి మర్యాదగా అన్నీ వివరించాడు. నేరుగా విమానం లేదు, మధ్యలో మరో దేశం దిగాలి, రెండు చోట్లా అనుమతులు కావాలి, రోజులు పడుతుంది అన్నాడు. ఓడకు కబురు వెళ్లింది. మా ఆయన ఎక్కడో దక్షిణాన, చిట్టచివరి దీవుల దగ్గర ఉన్నాడు. ఓడ ఇంజను చెడి నెమ్మదిగా వస్తోందట, ఎప్పుడు చేరుతుందో చెప్పలేమన్నారు. ఒకసారి శాటిలైట్ ఫోన్‌లో కలిపారు. "ఉన్నవా" అన్నాడు. ఉన్నానన్నాను. తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. ఏం చెయ్యమంటావని అడిగాను. లైను తెగిపోయింది.

బిడ్డను ఆసుపత్రిలో చల్లటి గదిలో పెట్టారు. రోజూ వెళ్లి చూడనిచ్చేవారు. దాని చెంప ముట్టుకుంటే గాజులా ఉండేది. ఎండాకాలంలో పుట్టి ఎండలో పెరిగినదాన్ని నేను. నా బిడ్డ చలిలో పడుకోవడం నేను తట్టుకోలేకపోయాను. మూడోసారి చూసి వచ్చాక పక్కింటామెతో ఇక ఎవరి కోసమూ ఆగను అని చెప్పాను. ఆమె ఎందుకని అడగలేదు. చిన్న పెట్టె చేయించడానికి వడ్రంగి దగ్గరికి తనే వెళ్లింది. 

కొండ మీద శ్మశానం. ఎర్రమట్టి. దిగువన సముద్రం. పక్కింటామె వెళ్లే చర్చి నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చి వాళ్ల భాషలో పాడారు. అవ్వ కూడా చూడాలని ఫోను పట్టుకుని కాల్ చేస్తూనే ఉన్నాను. ఆ కొండ మీద సిగ్నల్ లేదు. పిడికెడు మన్ను నేను వేశాను. నా తరఫున, ఆయన తరఫున, అవ్వ తరఫున, బాపు తరఫున, మెట్‌పల్లి అత్తమ్మ మామల తరఫున, అందరి మన్నూ నేనే వేశాను. పక్కింటామె నా చెయ్యి పట్టుకుని ఆపేదాకా వేస్తూనే ఉన్నాను.

ఆయన వచ్చేసరికి శిలువ కర్ర కూడా పాతేశారు. ఉప్పుగాలికి ముఖం పగిలి, గడ్డం పెరిగి, గడప లోపల నిలబడ్డాడు. ఎందుకు ఆగలేదని నన్ను అనలేదు. అంటే బాగుండేది. మర్నాడు కొండ మీదికి కారులో తీసుకెళ్లాడు. నేను దిగాను. ఆయన గేటు దాకా వచ్చాడు, ఇనుప గేటు మీద చెయ్యి వేశాడు, అక్కడే ఆగిపోయాడు.

"నాతోని కాదు. నువ్వు వోయి రా" అన్నాడు.

ఈ రోజుకు కాదేమో అనుకున్నాను. కానీ ఆ తర్వాత కూడా అంతే. ప్రతి ఆదివారం నన్ను గేటు దాకా దింపేవాడు. తను కారులో స్టీరింగు పట్టుకుని కూర్చునేవాడు. నేను లోపల గడ్డి పీకి, కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు. గాలి గురించి, కూరగాయల గురించి కూడా కాదు. తండ్రివి కాదా నువ్వు అని నా గొంతు దాకా వచ్చేది. ఒకసారి బయటికి కూడా వచ్చింది. ఆయన కారు ఆపి, దిగి, రోడ్డు పక్కన రాళ్ల మీద కూర్చున్నాడు. నేను ఆ మాట మళ్లీ అనలేదు. కోపం మాత్రం పోలేదు.

డిప్యుటేషన్ ముగిసింది. సామాన్లు కట్టాం. ఆఖరి రోజు కూడా ఆయన గేటు దాటలేదు. నేను ఆ మట్టి మీద రెండు చేతులూ పెట్టి, దానికి ఏం చెప్పాలో తెలియక, ఊరికి పోతున్నాం అని చెప్పాను. ఎవరైనా అలా చెప్పి బిడ్డను వదిలి వెళ్తారా? విమానం లేస్తుంటే కిటికీ వైపు ముఖం తిప్పలేదు.

బెల్లంపల్లిలో అవ్వ నన్ను చూడగానే నా వెనక చూసింది. ఇంకెవరో రావాల్సి ఉన్నట్టు. తర్వాత నన్ను పట్టుకుని, "మట్టి ఏసే నసీబు గూడ లేకపాయె. ఏడ వెట్టచ్చినవే, ఏడనన్న జెప్పు" అని ఏడ్చింది. చెప్పాను. కొండ అన్నాను, గోడ వార అన్నాను, సముద్రం కనపడుతుందన్నాను. సముద్రమే చూడని మనిషికి నేను ఏం చెప్పినా అది ఒక చోటు కాలేదు. సంఘం ఆడవాళ్లు వచ్చి ఓదార్చారు. చిన్నదానివి, దేవుడు మళ్లీ ఇస్తాడు అన్నారు. 

అత్తమ్మ దగ్గరికి వెళ్లాలంటే భయపడ్డాను. మెట్‌పల్లి వైపు అప్పుడు పసుపు ఉడకబెట్టే రోజులు. ఊరంతా ఆ వాసన. అత్తమ్మ చేతులు పచ్చగా ఉన్నాయి. ఆ చేతులతోనే నన్ను లోపలికి తీసుకెళ్లి, మంచం మీద కూర్చోబెట్టి అడిగింది, "పిల్ల ఎవల పోలికనే?" అని. అప్పటిదాకా ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. చెవులు మీవే అత్తమ్మా అన్నాను. ఆమె తన చెవులు తడుముకుంది. ఆ సాయంత్రం వరకూ ఊరికే తడుముకుంటూనే ఉంది.

ఆయనకు పడమటి తీరంలో పోస్టింగ్ వచ్చింది. నేను వెళ్లలేదు. ఇక సముద్రం పక్కన ఉండలేనన్నాను. ఆయన బలవంతపెట్టలేదు. కరీంనగర్‌లో ఒక బడిలో టీచరుగా చేరి, చిన్న గది తీసుకున్నాను. సెలవుల్లో ఆయన వచ్చేవాడు. చుట్టంలా కూర్చుని, చుట్టంలా వెళ్లిపోయేవాడు. బెల్లంపల్లికి వెళ్లేటప్పుడు గోదావరి వంతెన మీద బస్సు కిటికీ మూసేసి కళ్లు మూసుకునేదాన్ని. ఒకసారి తోటి టీచర్లతో మంథనిలో గోదావరి ఒడ్డుకు వెళ్లాను. అందరూ నీళ్లలో కాళ్లు పెట్టి నవ్వుకుంటుంటే నేను ఒడ్డున కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో, ఏం ఆలోచించానో గుర్తులేదు. ఇంటికి వెళ్లాలని కూడా లేదు నాకు. ఒకామె వచ్చి రెక్క పట్టి లేపింది కాబట్టి లేచి బస్సెక్కాను. అలా సంవత్సరాలు గడిచాయి. మళ్లీ పిల్లలు కాలేదు. అసలు ఇద్దరం ఒకచోట ఉన్న రోజులే తక్కువ.

ఒక ఆదివారం నేను బెల్లంపల్లిలో ఉన్నాను. చర్చి నుంచి వచ్చి అన్నం తింటున్నాం. ఆయన నుంచి వీడియో కాల్ వచ్చింది. ఓడ ఏవో దేశాలు తిరుగుతోందని తెలుసు. ఏ రేవులో ఉందో నాకు చెప్పలేదు. ఫోన్‌లో ముందు ఆయన ముఖం, వెనక ఇనుప గేటు కనపడ్డాయి. నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"గేటు కాడ ఉన్న. ఇప్పుడు ఈడ సిగ్నలొస్తున్నది," అన్నాడు. కాస్త ఆగి, "లోపటికి పోతున్న. నాకు తొవ్వ తెల్వది. నువ్వు జెప్పు."

ఎంగిలి చేత్తోనే ఫోను పట్టుకున్నాను. గేటు చప్పుడు వినపడింది. నేరుగా పొమ్మన్నాను. తెల్లరాయి సమాధి వస్తుంది, దాని దగ్గర కుడికి తిరగమన్నాను. ఆయన నడుస్తుంటే బొమ్మ ఊగిపోతోంది. అవ్వ నా భుజం మీదికి వంగింది. బాపు ఏమైందని అడుగుతుంటే ఎవరూ చెప్పలేదు. ఆయనే మెల్లగా లేచి వచ్చి మా వెనక నిలబడ్డాడు.

కానీ చోటంతా మారిపోయింది. నాకు గుర్తున్న పెద్దచెట్టు లేదు. పాతగోడ తీసి కొత్తది కట్టారు. నాకు తెలియని సమాధులు ఎన్నో వచ్చాయి. గోడ వారకు తిరగమన్నాను. తిరిగాడు. అక్కడ మోకాళ్లెత్తు గడ్డి ఉంది. శిలువ కర్ర లేదు. ఆయన గడ్డి పక్కకు తోస్తూ వెతికాడు. చివరికి రెండు చిన్న దిబ్బలు కనపడ్డాయి. పక్కపక్కనే, రెండూ ఒకటే పొడవు. దేని మీదా ఏ గుర్తూ లేదు.

"ఏది?" అన్నాడు.

కళ్లు చిట్లించి చూశాను. ఫోను ఎడమకు తిప్పమన్నాను, కుడికి తిప్పమన్నాను, సముద్రం ఎటుందో చూపించమన్నాను. నేను ప్రతి ఆదివారం కూర్చున్న చోటు అది. నా చేతులతో గడ్డి పీకిన చోటు. మా బిడ్డకు పక్కన మరో బిడ్డ లేదు అప్పుడు. ఏది ముందుదో, ఏది తర్వాత వచ్చిందో ఎంత చూసినా తెలియలేదు.

"నాకు తెలుస్తలేదు" అన్నాను. "నాకు తెలుస్తలేదయ్యా."

ఆయన ఫోనును ఒక దిబ్బ వైపు, ఇంకో దిబ్బ వైపు తిప్పాడు. గాలి చప్పుడు వినపడుతోంది. తర్వాత, "రెండు సాఫ్ జేస్త" అన్నాడు.

ఫోను ఏదో రాయికి ఆనించి పెట్టాడు. మాకు ఆకాశం, ఆయన మోచెయ్యి కనపడుతున్నాయి. తెల్ల యూనిఫాం మోకాళ్ల మీద ఎర్రమట్టి అంటడం ఒకసారి కనపడింది. గడ్డి తెగుతున్న చప్పుడు, మధ్యమధ్య ఆయన ముక్కు చీదుకుంటున్న చప్పుడు. అవ్వ ఇక ఉండలేక, "అల్లుడా, జర దగ్గరికి జూపియ్యి" అంది. ఆయన ఫోను తీసి మట్టికి దగ్గరగా పట్టాడు. అవ్వ ఆ మట్టిని ముట్టుకోవాలని వేలు చాచింది. వేలు ఎక్కడ తగిలిందో, కాల్ తెగిపోయింది.

మళ్లీ చేశాను. కలవలేదు. మళ్లీ మళ్లీ చేశాను. అవ్వ తన వేలి వైపు చూసుకుంటూ గోడకు జారగిలబడి కూర్చుంది. 

మర్నాడు ఓడ బయల్దేరే ముందు ఆయన మాట్లాడాడు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడట. పక్కింటామె కోసం వెళ్తే ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారట, ఆమె ఎక్కడికి పోయిందో వాళ్లకు తెలియదట. ఏ దిబ్బ మనదో చెప్పేవాళ్లు ఎవరూ దొరకలేదు. అన్నీ చెప్పాక, "అప్పుడే లోపటికి రావాల్సి ఉండె. నీతోని" అన్నాడు. అవును అన్నాను. క్షమించానని చెప్పలేదు. అది నిజం కాదు అప్పటికి.

ఆ ఎండాకాలం సెలవులకు నేనే ఆయన ఉన్న ఊరికి వెళ్లాను. ఇప్పుడు కలిసే ఉంటున్నాం. కొన్ని రోజులు బాగుంటాం, కొన్ని రోజులు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేం. శిలువ వేయించడానికి మనిషిని మాట్లాడొచ్చు, కానీ దేని మీద వేయమని చెప్పాలి? మరొకరి బిడ్డ మీద మా బిడ్డ పేరు ఎలా రాయిస్తాం? దాని మీద ఇద్దరం ఎన్నిసార్లు మాట్లాడుకున్నా అక్కడే ఆగిపోతాం. అక్కడ ఏ గుర్తూ లేదు ఇప్పటికీ. వానలకు గడ్డి మళ్లీ పెరిగే ఉంటుంది.

అవ్వ మాత్రం ప్రార్థనలో మాట మార్చింది. నా మనుమరాలు అనడం మానేసి, "ఆడున్న ఇద్దరు పిల్లలు" అంటోంది.